ఇంగ్లీషును ఇంగ్లీషులోకి డబ్ చేసిన పెద్దమనుషులు

తమిళ సినిమాను తెలుగులోకి డబ్ చేస్తారు. మనకు తెలుసు. హిందీ సినిమాను తెలుగులోకి డబ్ చేస్తారు. అదీ తెలుసు. ఇంగ్లీషు సినిమాను ఇంగ్లీషులోకి డబ్ చేసిన సంగతి ఎంతమందికి తెలుసు? పరాచికం కాదు. 1980లో అమెరికాలో నిజంగా జరిగిన ముచ్చట. సినిమా పేరు 'మ్యాడ్ మ్యాక్స్'. ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియా వాళ్లు తీసిన సినిమా. నటులంతా తమ ఊరి ఇంగ్లీషులో మాట్లాడారు. అమెరికాలో విడుదల చేసిన కంపెనీ ఆ గొంతులన్నీ పీకేసి అమెరికన్ గొంతులు అతికించింది. చెప్పిన కారణం ఒక్కటే. వాళ్ల యాస మావాళ్లకు అర్థం కాదు!

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మీదీ భాషే, కాదనం. కానీ కొంచెం మోటుగా ఉంటుంది. పదిమందికీ ఎక్కదు. మీరు పెదవులు కదిలించండి చాలు, మాట మేం పెట్టిస్తాం. పెత్తనం చేసేవాడు ఏ దేశంలో ఉన్నా ఇదే రాగం తీస్తాడు. అందుకే దగ్గర దగ్గర అర్ధ శతాబ్దం కిందటి ఈ ఫైటింగుల సినిమాను ఇవాళ మళ్లీ ముందేసుకోవాలి. దాన్ని ఎవరు తిట్టారు, ఎవరు నెత్తిన పెట్టుకున్నారు, ఎవరు దాని నాలుక కోసి అమ్ముకున్నారు, కోసిన నాలుకను మళ్లీ ఎప్పుడు తెచ్చి అతికించారు అన్నది వరుసగా చూస్తే పెత్తనపు తెలివి మొత్తం బయటపడుతుంది.

జేబులో పైసల్లేవు, ముందర రోడ్డు ఉంది

జార్జ్ మిల్లర్ డాక్టరు. 1945లో క్వీన్స్‌లాండ్‌లోని చించిల్లా అనే చిన్న ఊళ్లో, బతుకుదెరువుకు వలస వచ్చిన గ్రీకు కుటుంబంలో పుట్టాడు. సిడ్నీ దవాఖానలో పనిచేశాడు. రోడ్డు ప్రమాదాల్లో నుజ్జునుజ్జయిన పడుచు పిల్లగాండ్లను స్ట్రెచర్ల మీద చూశాడు. 1971లో ఒక సినిమా వర్క్‌షాపులో బైరన్ కెన్నెడీ అనే యువకుడు తోడయ్యాడు. ఇద్దరికీ సినిమా పిచ్చి. ఇద్దరి దగ్గరా పైసల్లేవు. సినిమాకు పెట్టుబడి కూడబెట్టడానికి మిల్లర్ అత్యవసర కేసులు చూసే డాక్టరుగా ఇల్లిల్లూ తిరిగాడు. కారు తోలింది కెన్నెడీ. జేమ్స్ మెక్‌కాస్‌లండ్ అనే పత్రికా రచయిత స్క్రిప్టులో చేయి కలిపాడు. 1973 చమురు సంక్షోభంలో పెట్రోలు బంకుల ముందు జనం కొట్టుకున్న తీరు ఆయన కళ్లారా చూసినవాడు. పెట్రోలు కోసం మనుషులు మృగాలైతే ఎట్లా ఉంటుంది? అక్కడ పుట్టింది కథ.

సర్కారు నిధుల కోసం వీళ్లు దేబిరించలేదు. తెలిసినవాళ్ల దగ్గర, చిన్న చిన్న పెట్టుబడిదారుల దగ్గర పోగుచేశారు. మొత్తం ఖర్చు మూడున్నర నుంచి నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది మందీ మార్బలం టిఫిన్ల ఖర్చు. 1977లో మెల్‌బోర్న్ చుట్టుపక్కల రోడ్ల మీద షూటింగ్ మొదలైంది. మొదట్లో అనుమతులు కూడా లేవు. పని చూసి ముచ్చటపడ్డ పోలీసులే తర్వాత రోడ్లు ఆపి సాయం చేశారు. బైకుల ముఠాలో నిజమైన బైకు క్లబ్బుల పోరగాళ్లున్నారు. తోలు దుస్తులు కొనే శక్తి లేక చాలామంది నటులకు రెక్సిన్ లాంటి గుడ్డతో కుట్టించారు. మొదటి ఛేజింగులో తునాతునకలైన వ్యాను డైరెక్టరు సొంత బండి. షూటింగ్ మొదట్లోనే హీరోయిన్‌గా అనుకున్న అమ్మాయికీ, స్టంట్ మాస్టరుకూ కలిపి ఒకే బైకు ప్రమాదం. ఆమె కాలు విరిగింది. ఇంకో నటిని తెచ్చి పని నడిపారు. ఎడిటింగ్ ఇంట్లోనే నెలల తరబడి చేసుకున్నారు.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రానున్న కాలం. చట్టం చచ్చుబడిపోతున్నది. రోడ్ల మీద ముఠాల రాజ్యం. మ్యాక్స్ అనే పోలీసు మిత్రుణ్ని తగలబెడతారు. భార్యాబిడ్డల మీదికి బైకులు తోలుతారు. నల్లటి ఫోర్డ్ కారేసుకుని మ్యాక్స్ ఒక్కొక్కణ్ని వేటాడతాడు. హీరో అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని మెల్ గిబ్సన్. ముఠా నాయకుడు హ్యూ కీస్ బర్న్, మన శ్రీనగర్‌లో పుట్టిన ఇంగ్లీషు నటుడు. 1979 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్‌లో సినిమా విడుదలైంది.

ఇంటివాడి మొట్టికాయ

మొదటి దెబ్బ పరాయివాడు కొట్టలేదు. ఇంటివాడే కొట్టాడు.

ఫిలిప్ ఆడమ్స్ ఆస్ట్రేలియాలో పేరున్న వ్యాఖ్యాత. 'ది బులెటిన్' పత్రికలో ఈ సినిమా మీద నిప్పులు చెరిగాడు. చావును బూతుబొమ్మలా అమ్ముతున్నారన్నాడు. హిట్లర్ ఆత్మకథ చదివితే కలిగే ఉత్తేజమే దీనివల్లా కలుగుతుందన్నాడు. మానభంగాలు చేసేవాళ్లకు, హింసలో ఆనందించేవాళ్లకు, పిల్లల్ని చంపేవాళ్లకు ఇది ప్రియమైన సినిమా అవుతుందని శాపనార్థాలు పెట్టాడు.

ఈ ఆడమ్స్ ఎవరు? ఆస్ట్రేలియా సినిమాకు సర్కారు నిధులు రావాలని కొట్లాడినవాళ్లలో ముందు వరుస మనిషి. ఆ సంగతి కాదనలేం. మంచి పనే. అయితే అదే పెద్దమనిషి 1972లో 'బ్యారీ మెకంజీ' అనే సినిమాకు నిర్మాత. సర్కారు సొమ్ముతో తీసిన ఆ సినిమా నిండా తాగుడు, వాంతులు, పచ్చి మోటు హాస్యం. సర్కారు డబ్బుతో తాను మోటుతనం తీస్తే జాతీయ సినిమాకు ఊపిరి. సొంత చెమటతో ఇద్దరు కుర్రాళ్లు కార్ల సినిమా తీస్తే జాతికి చీడ. నీతిలో కూడా రెండు రేట్లుంటాయన్నమాట.

అప్పటి వాతావరణం కూడా గుర్తుంచుకోవాలి. 1970లలో ఆస్ట్రేలియా సినిమా అంటే లేసు గౌన్లు, గుర్రపుబండ్లు, పాత కాలపు బంగళాలు. 1975లో వచ్చిన 'పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్' దానికి గొప్ప ఉదాహరణ. 1979లోనే వచ్చిన 'మై బ్రిలియంట్ కెరీర్' మరొకటి. ఆ ఏడు ఆస్ట్రేలియా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తమ చిత్రం బహుమతి దానికే ఇచ్చారు. అవి మంచి సినిమాలు. వాటితో మనకు పేచీ లేదు. 'మ్యాడ్ మ్యాక్స్'కు ఎడిటింగ్, సౌండ్, సంగీతం బహుమతులిచ్చారు. చేతి పనికి మెప్పు ఇచ్చారు, పెద్దపీట మాత్రం ఇవ్వలేదు. బయటి దేశాల ముందు పెట్టుకోవడానికి ఉతికి ఇస్త్రీ చేసిన ఆస్ట్రేలియా కావాలి. గ్యారేజీల్లో, హైవేల మీద, బీరు షాపుల్లో బతికే ఆస్ట్రేలియా ఇంట్లోనే దాగి ఉండాలి. చుట్టాలొచ్చినప్పుడు ముసలి తండ్రిని పెరట్లో కూర్చోబెట్టే కొడుకుల తీరు ఇది.

ఇక్కడ ఒక మాట ఖరాకండిగా చెప్పాలి. హింసను ప్రశ్నించడం తప్పు కాదు. న్యూజిలాండ్ ఈ సినిమాను నిషేధించి 1983లో గాని వదల్లేదు. కారులో మనిషిని తగలబెట్టే దృశ్యం అక్కడ జరిగిన నిజ ఘటనను గుర్తుకు తెచ్చింది. స్వీడన్ 2005 దాకా తలుపు తెరవలేదు. ఆ నిర్ణయాలతో ఏకీభవించకపోవచ్చు గానీ, అవి సినిమా మీద తీర్పులు. ఆడమ్స్ తీర్పు సినిమా దగ్గర ఆగలేదు. సినిమా చూసేవాడి దాకా పోయింది. దీన్ని మెచ్చేవాడు హంతకుడో ఉన్మాదో అయి ఉండాలట! 1980లో న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు కూడా వికారంగా ఉందనీ, పొందిక లేదనీ తిట్టి, మంచీచెడూ తెలియని ప్రేక్షకుల కోసం తీశారన్నాడు. సినిమాను తిట్టు, అది నీ హక్కు. టికెట్టు కొన్న కూలివాణ్ని, మెకానిక్కును, కాలేజీ పోరణ్ని తిట్టే హక్కు నీకెవడిచ్చాడు? నేల టికెట్టువాడి అభిరుచి మీద తీర్పు చెప్పే బాల్కనీ న్యాయమూర్తులు అన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్ల నల్లకోటు రంగు మాత్రం మారదు.

జనం లెక్క వేరే

పెద్దమనుషులు ముక్కు మూసుకుంటే జనం క్యూ కట్టారు. మెల్‌బోర్న్‌లో ఆడింది. సిడ్నీలో ఆడింది. జపాన్‌లో విరగబడి చూశారు. నాలుగు లక్షల డాలర్లు మించని ఖర్చుతో తీసిన సినిమా ప్రపంచం మొత్తం మీద సుమారు 10 కోట్ల డాలర్లు వసూలు చేసిందని లెక్కలు చెబుతాయి. పెట్టిన ఖర్చుకు వచ్చిన రాబడి లెక్కన గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 1999లో 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' వచ్చేదాకా, ఇరవయ్యేళ్లు ఆ రికార్డును కదిలించినవాడు లేడు.

ఎందుకు ఆడింది? అందులో అబద్ధం తక్కువ. బండి నిజంగా గుద్దుకుంటుంది. రోడ్డు నిజంగా రోడ్డే. దుమ్ము నిజంగా దుమ్మే. మనుషులు నిజంగా తమ గొంతుతోనే మాట్లాడతారు. పైగా హీరోకు ఒక భాష, విలన్‌కు ఒక భాష అనే తేడా లేదు. మ్యాక్స్ మాట్లాడేదీ, అతని పెండ్లాం మాట్లాడేదీ, మెకానిక్ మాట్లాడేదీ అదే నేల మాట. యాసను నవ్వించడానికి వాడుకోలేదు. భయపెట్టడానికి విడిగా పక్కన పెట్టలేదు. ఊపిరి తీసుకున్నంత మామూలుగా అందరూ ఒకే తీరుగా మాట్లాడారు. ఈ ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

బొమ్మ ఉంచుకుని గొంతు పారేశారు

ఇక అమెరికా ముచ్చట. పంపిణీ హక్కులు అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అనే కంపెనీ చేతికి పోయాయి. డ్రైవిన్ థియేటర్లకు చౌక సినిమాలు అందించే కంపెనీ అది. బొమ్మ నచ్చింది. కార్లు నచ్చాయి. గుద్దుళ్లు నచ్చాయి. నోళ్లు మాత్రం నచ్చలేదు. మాటలన్నీ అమెరికన్ గొంతులతో మళ్లీ చెప్పించారు. ఊరి మాటలు, ఊరి నుడికారం కూడా ఏరి పారేశారు. 'ఓయ్' అని పిలిస్తే 'హే' చేశారు. కారు ముందు అద్దాన్ని ఆస్ట్రేలియావాడు 'విండ్‌స్క్రీన్' అంటాడు. దాన్ని 'విండ్‌షీల్డ్' చేశారు. ఎదురుగా అద్దం కనబడుతుంటే, అది పగిలిపోతుంటే, ప్రేక్షకుడికి ఏ మాట అర్థం కాదు చెప్పండి?

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలియని సంగతులు రెండున్నాయి.

ఒకటి. హీరో మెల్ గిబ్సన్ పుట్టింది ఎక్కడ? అమెరికాలో. న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్‌లో 1956లో పుట్టాడు. పన్నెండేళ్లప్పుడు కుటుంబంతో ఆస్ట్రేలియా పోయాడు. తమ గడ్డ మీద పుట్టినవాడి గొంతే తమకు అర్థం కాదని అమెరికా కంపెనీ తేల్చింది! అంటే గొడవ మనిషి పుట్టుకతో లేదు. ఆ మనిషి ఏ నేల పక్షాన మాట్లాడుతున్నాడన్నదే గొడవ.

రెండోది ఇంకా దారుణం. మొత్తం సినిమాలో మార్చకుండా వదిలేసిన గొంతులు మూడే మూడు. క్యాబరేలో పాడే గాయనిది ఒకటి. లారీ నడుపుతూ పాటలో గొంతు కలిపే పోలీసుది ఒకటి. మూడోది గాయపడి గొంతు పోయి, యంత్రం పెట్టుకుని గరగరమంటూ మాట్లాడే మరో పోలీసుది. చూడండి తమాషా. పాడితే ఫర్వాలేదు. గొంతు తెగి మరబొమ్మలా గీపెడితే ఫర్వాలేదు. మామూలు మనిషి మామూలుగా నోరు తెరిచి తన మాట తాను మాట్లాడితేనే అర్థం కాదు. మీ పాట కావాలి, మీ ఆట కావాలి, మీ మాట వద్దు. ఈ నీతికి ఇంతకంటే నగ్నమైన రుజువు ఏ రాజకీయ పుస్తకంలోనూ దొరకదు.

'అర్థం కాదు' అనే అబద్ధం

కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లుంటారు. వ్యాపారమయ్యా, వాళ్లేమన్నా ధర్మసత్రం నడుపుతున్నారా, యాస మార్చకపోతే అసలు సినిమానే అక్కడ ఆడేది కాదు కదా అంటారు. సరే, వ్యాపారం లెక్కలోనే చూద్దాం.

యాస మార్చాక ఏమైంది? ప్రపంచమంతా దున్నేసిన సినిమా అమెరికాలో మాత్రం ఓ మోస్తరుగా నడిచి పోయింది. ఎంత ఓ మోస్తరు అంటే, 1982లో రెండో భాగం అక్కడికి వచ్చినప్పుడు 'మ్యాడ్ మ్యాక్స్ 2' అనే పేరు కూడా పెట్టలేదు. మొదటిది ఎవరికీ పెద్దగా తెలియదని 'ది రోడ్ వారియర్' అని కొత్త పేరు పెట్టారు. అమెరికాలో ఆడకపోవడానికి డబ్బింగ్ ఒక్కటే కారణమని అనడం లేదు. విడుదల చేసిన కంపెనీయే అప్పుడు చేతులు మారుతున్న గందరగోళంలో ఉంది. కానీ డబ్బింగ్ సినిమాను గట్టెక్కించిందన్న వాదన మాత్రం నిలవదు.

సరే, ఆ రెండో భాగంలో గొంతులు ఏం చేశారు? ముట్టుకోలేదు. అదే హీరో, అదే గొంతు, అదే ఆస్ట్రేలియా. అందులో హీరోకు మాటలు తక్కువే. ఉన్న మాటలు మాత్రం వాళ్ల సొంత గొంతుల్లోనే పలికారు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. రెండేళ్ల కిందట అర్థం కానిది రెండేళ్లలో ఎట్లా అర్థమైంది? అమెరికా జనం చెవులేమన్నా రాత్రికి రాత్రి మారాయా? చెవులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. జనానికి అర్థం కాదని జనం చెప్పలేదు. జనం పేరు చెప్పి ఒక గదిలో కూర్చున్న నలుగురు చెప్పారు. ఎవర్నీ అడగకుండానే అందరి తరఫున తీర్పు రాసేశారు.

మరి జపాన్ వాడు తన భాషలోకి మార్చుకుని చూడలేదా అని అడగొచ్చు. అది వేరు, ఇది వేరు. నీ భాష నాకు రాదు, నా భాషలోకి తెచ్చుకుని వింటాను అనడంలో గౌరవం ఉంది. అక్కడ రెండు భాషలూ భాషలుగానే ఉంటాయి. నీదీ నాదీ ఒకటే భాష అని పైకి చెప్పి, నువ్వు పలికే తీరు మాత్రం చెల్లదని కొట్టేయడంలో ఉన్నది అవమానం. ఒకటే ఇల్లు అంటూనే ఒకణ్ని పంచలో పండబెట్టడం అది. భాష ఒకటే అన్న మాట ఎవరి నోటి నుంచి వస్తున్నదో, ఆ 'ఒకటే' ఎవరి గొంతులా ఉండాలని కోరుతున్నారో చూస్తే మతలబు తెలుస్తుంది.

మన తెర మీద ఏం జరిగింది?

ఇంతదూరం వచ్చాక మన సంగతి చెప్పుకోకపోతే అది దొంగతనమవుతుంది. తెలుగు సినిమా తెలంగాణ మాటను డబ్ చేయలేదు. అంతకంటే తెలివిగా పని చేసింది. ఆ మాటను ఉంచుకుంది, హీరో నోట్లో మాత్రం పెట్టలేదు. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో తెలంగాణ యాస పలికిందెవరు? కాశయ్య అనే దుర్మార్గపు రాజకీయ నాయకుడు. 'అంకుశం'లో ఆ యాసతో వణికించిందెవరు? నీలకంఠం అనే రౌడీ. కోట శ్రీనివాసరావు, రామిరెడ్డి గొప్పగా నటించారు, వాళ్లను తప్పుపట్టేదేం లేదు. నటులు వేషం వేశారు. ఆ వేషానికి ఆ యాస రాసిపెట్టిన బుద్ధి గురించే మాట్లాడుతున్నాం. విలన్ కాకపోతే హాస్యగాడు, లేకపోతే పనిమనిషి, లేకపోతే ఆటోడ్రైవర్. హీరో హైదరాబాదులో పుట్టి పెరిగినా పొరపాటున కూడా 'ఏం చేస్తున్నవ్' అనడు.

'మా భూమి' ఉన్నది కదా, 1997లో 'ఒసేయ్ రాములమ్మ' ఉన్నది కదా, ఆర్. నారాయణమూర్తి సినిమాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. చేతి వేళ్ల మీద లెక్కపెట్టి చూపించగలుగుతున్నామంటేనే మిగతావాటి సంగతి తెలుస్తున్నది. హీరో మాట, విలన్ మాట అని నేలను రెండుగా కోసి, రెండో ముక్కను ఒక ప్రాంతానికి రాసిచ్చిన సినిమా మనది. రెండు కోట్ల ఖర్చుతోనో ఇరవై కోట్ల ఖర్చుతోనో తీసిన ఆ సినిమాలకు, నాలుగు లక్షల డాలర్ల 'మ్యాడ్ మ్యాక్స్' నేర్పగలిగిన పాఠం ఒక్కటే. మంచివాడూ చెడ్డవాడూ ఒకే నేల మీద పుడతారు, ఒకే మాట మాట్లాడతారు. ఇంత చిన్న సత్యం తెర మీదికి రావడానికి ఎన్నేళ్లు పట్టింది?

పైసలొచ్చినంక వచ్చే మర్యాద

ఇప్పుడంతా మారిపోయింది కదా అంటున్నారు. 2014లో రాష్ట్రం వచ్చింది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల భానుమతి తెలంగాణ మాటతో రాష్ట్రాలు రెండూ ఏలింది. 2023లో వేణు ఎల్దండి తీసిన 'బలగం' ఊళ్లల్లో తెరలు కట్టి చూసుకునేదాకా పోయింది. చిన్న ఖర్చు సినిమా. చావు ఇంటి ముచ్చట. అందరూ ఒకే మాట మాట్లాడిన సినిమా. సంతోషం. నూటికి నూరుపాళ్లు సంతోషం.

కానీ మ్యాక్స్ కథలో మిగిలిన భాగం వినండి. అమెరికాలో మొదటి సినిమాకు అసలు గొంతు ఎప్పుడు తిరిగొచ్చింది? 2000లో. ఇరవయ్యేళ్ల తర్వాత, కొన్ని థియేటర్లలో మళ్లీ విడుదల చేసినప్పుడు. అప్పటికి గిబ్సన్ హాలీవుడ్‌లో పెద్ద స్టార్. 'బ్రేవ్‌హార్ట్'కు దర్శకుడిగా ఆస్కార్ కొట్టినవాడు. స్టార్ గొంతుకు ఖరీదుంది కాబట్టి గొంతు బయటికి వచ్చింది. యాస మీద ప్రేమ పుట్టి కాదు. నాలుక కోసిన చేతులతోనే దాన్ని మ్యూజియంలో పెట్టి టికెట్టు అమ్మారు.

తర్వాత? 2015లో మిల్లర్ 'ఫ్యూరీ రోడ్' తీశాడు. ఖర్చు 15 కోట్ల డాలర్ల పైమాట. ఆరు ఆస్కార్లు. గెలిచినవాళ్లలో ఆస్ట్రేలియన్లు చాలామందే ఉన్నారు. షూటింగ్ ఎక్కువభాగం నమీబియాలో. మ్యాక్స్ వేషం ఇంగ్లండ్ నటుడు టామ్ హార్డీది. 2024లో 'ఫ్యూరియోసా' వచ్చింది. షూటింగ్ ఆస్ట్రేలియాకే తిరిగొచ్చింది. చిక్కటి ఆస్ట్రేలియా యాస అందులో అందరికంటే గట్టిగా ఎవరి నోట వినపడింది? డిమెంటస్ అనే విలన్ నోట. క్రిస్ హెమ్స్‌వర్త్ ఆ యాసను రుచిగానే పలికాడు. మిల్లర్‌ను తప్పుపట్టలేం. అంత పెట్టుబడి ఎవరు పెడతారో వాళ్ల మార్కెట్టు లెక్క సినిమాలోకి రాకతప్పదు. కానీ ఆలోచించండి. పైసల్లేనప్పుడు అందరి నోటా ఉన్న మాట, పైసలొచ్చాక ఒక మూలకు జరిగింది. ఇది ఎవరి కుట్రా కానక్కర్లేదు. కాపలా లేని చోట నీళ్లు పల్లానికే పోతాయి.

అందుకే మనవాళ్లకు చెప్పేది. యాస ఇప్పుడు అమ్ముడుపోతున్నది కాబట్టి గౌరవం వచ్చేసిందని సంబురపడొద్దు. అమ్ముడుపోయినన్ని రోజులే ఆ గౌరవం. రెండు మాటలకొక 'గదే', మూడు మాటలకొక 'ఏందిరా' చల్లి, కల్లు దుకాణం పాట ఒకటి పెట్టి తెలంగాణ సినిమా అని బోర్డు కట్టేవాళ్లు ఇప్పటికే బయల్దేరారు. యాస అంటే తాగుబోతు మాట, కొట్లాట మాట అనే పాత ముద్రనే కొత్త రంగుల్లో కొడుతున్నారు. నిన్న విలన్‌కిచ్చిన మాటను ఇవాళ మాస్ హీరోకిచ్చారు. డాక్టరు పాత్రకు, లాయరు పాత్రకు, ప్రొఫెసరు పాత్రకు, ప్రేమలేఖ రాసే పిల్లకు ఎప్పుడిస్తారు? కోర్టులో వాదించే సీన్లో ఈ మాట వినపడ్డ రోజున గౌరవం గురించి మాట్లాడుకుందాం.

చెవిలో దూరిన డబ్బింగ్

ఇదంతా సినిమా గొడవ, మనకెందుకని ఉద్యోగులు అనుకోవద్దు. 1980లో తెర మీద జరిగింది ఇవాళ హెడ్‌సెట్‌లో జరుగుతున్నది. హైదరాబాదు కాల్ సెంటర్లలో పనిచేసే పిల్లలకు ఇన్నేళ్లుగా యాస పోగొట్టే శిక్షణలు ఇచ్చారు. రాత్రిపూట పేరు మార్చుకుని, గొంతు మార్చుకుని నౌకరీ చేసినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఇప్పుడు ఆ శిక్షణ కూడా అక్కర్లేదంటున్నారు. మన పిల్లవాడు మాట్లాడుతుండగానే అవతలివాడి చెవికి అమెరికన్ యాసగా మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. మాట మనది, ఊపిరి మనది, నిద్ర లేని రాత్రి మనది. అవతల వినబడే మనిషి మాత్రం మనం కాదు. గొంతు యంత్రం పెట్టుకున్న ఆ పోలీసు గుర్తున్నాడా? అతను గాయపడి యంత్రం పెట్టుకున్నాడు. మనకు గాయం కాకుండానే పెడుతున్నారు.

అవతలివాడి తిట్లు తగ్గుతాయి, పని ఒత్తిడి తగ్గుతుంది అని కంపెనీలు అంటాయి. నిజమే కావచ్చు. నౌకరీ కోసం ఆ హెడ్‌సెట్ పెట్టుకునే పిల్లను ఎవరూ తప్పుపట్టరు. కానీ తిట్టేవాణ్ని మార్చకుండా తిట్టు తినేవాడి గొంతు మార్చడం ఏం న్యాయం? వెక్కిరించేవాడి చెవి బాగుచేయాల్సింది పోయి, మాట్లాడేవాడి నాలుకకు చికిత్స చేస్తున్నారు.

సోయి తప్పొద్దు

విద్యార్థులకు ఒక మాట. ఇంటర్వ్యూలో, సెమినార్‌లో, స్టేజీ మీద నోరు తెరిచేముందు మన మాట ఎక్కడ దొర్లుతుందోనని బెదురుతున్నారు చూడండి, ఆ బెదురే అసలు డబ్బింగ్. దానికి ఏ కంపెనీ ఖర్చూ అక్కర్లేదు. మనకు మనమే లోపల చేసుకుంటున్నాం. ఇంగ్లీషు నేర్వండి. హిందీ నేర్వండి. ఎన్ని భాషలు వస్తే అంత బలం. పుస్తకాల తెలుగు కూడా నేర్వండి, అది ఎవరి అబ్బ సొత్తూ కాదు. కానీ ఇంట్లో అవ్వతో మాట్లాడే మాటను తరగతి గదిలో అడగడానికి, ఆఫీసులో వాదించడానికి, సభలో నిలదీయడానికి పనికిరానిదని ఒప్పుకోకండి. ఒప్పుకున్న రోజు ఇంకొకడొచ్చి మన నోట్లో మాట పెడతాడు.

సినిమా తీసే పిల్లలకు ఇంకో మాట. పైసల్లేవని ఏడవొద్దు. సొంత వ్యాను పగలగొట్టుకున్న డాక్టరుకు కూడా పైసల్లేవు. ఆయన దగ్గరున్నదల్లా రోడ్డు, నలుగురు దోస్తులు, తమ ఊరి గొంతు. మొదటి మూడున్నర లక్షలు ఎక్కడ దొరుకుతాయో వెతకండి గానీ, వాటి కోసం గొంతు తాకట్టు పెట్టకండి. కొనడానికి వచ్చే బయ్యరు 'కొంచెం యాస తగ్గిస్తే అందరికీ అర్థమవుతుంది' అని మొదలుపెడతాడు. అందరూ అంటే ఎవరని అడగండి. పేర్లు చెప్పమనండి. ఎన్ని ఊళ్లల్లో, ఎంతమందిని అడిగి తెలుసుకున్నావో లెక్క చూపమనండి. 1980లో ఆ ప్రశ్న అడిగినవాడు లేక ఒక దేశం గొంతు ఇరవయ్యేళ్లు డబ్బాలో పడి మూలిగింది. మన దగ్గర ఆ ప్రశ్న అడగడానికి జనం ఉన్నారు, ఆ జనానికి కొట్లాట కొత్త కాదు.